పుప్పాలగూడ గుట్ట రాణిచీమ

నేను చీమల్ని పెంచి జీతం తీసుకున్నాను. ఈ మాట చెబితే హఫీజ్‌పేట్‌లో మా అపార్ట్‌మెంటు వాళ్ళు నవ్వుతారు. "చీమల్ని పెంచడానికి కూడా ఉద్యోగాలున్నాయా అండీ? మా వంటింట్లో ఊరికే పెరుగుతున్నాయి" అంది ఒకసారి పక్క ఫ్లాటు ఆవిడ. ఊరికే పెరిగేవాటితో నాకు పని లేదు. నాకు కావలసిన పుట్ట నుంచి వచ్చిన రాణిచీమను, అది దొరికే ఒకే ఒక్క సాయంత్రం పట్టుకుని, గాజు గొట్టంలో బతికించాలి. నా ఉద్యోగమంతా ఇదే.

నగరం పడమటి వైపు, కొత్తగూడ చౌరస్తాకు దగ్గర్లో ఉన్న ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేశాను. అక్కడ చీమల గది అని ఒకటుండేది, దాన్ని నేను చూసుకునేదాన్ని. ఈ మధ్య ఆ గదిలో కొత్తగా చేరిన పిల్లలు ఫోన్ చేసి, "మేడం, రాణుల్ని ఎట్ల పట్టాలో ఏమన్న రాసిపెట్టిన్రా?" అని అడుగుతున్నారు. పుస్తకాల్లో ఉన్నది పుస్తకాల్లోనే చదువుకోండి. ఎవరికి ఏ హోదా వచ్చింది, ఏ ఫైలు ఎక్కడ ఆగింది అనేవి నేను రాయను, వాటి వల్ల ఎవరూ ఏమీ నేర్చుకోలేదు. నేను రిటైరయ్యే ముందు వేసవిలో ఒక గొడవ జరిగింది. పని ఎలా ఉంటుందో తెలియడానికి అది చాలు.

ఏడాదికొక సాయంత్రం

మన ఎండ నేలల్లో చీమల పెళ్ళి వానను బట్టి జరుగుతుంది. ఉగాది దాటి ఎండలు ముదిరాక, ఒక రోజు ఉన్నట్టుండి మబ్బు కమ్మి గట్టి వాన పడుతుంది. వాన వెలిసి, గాలి ఆగి, ఎండ ఏటవాలుగా పడిందంటే ఆ చుట్టుపక్కల ఒక జాతి పుట్టలన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. రెక్కలున్న మగచీమలు, రెక్కలున్న ఆడచీమలు బయటికొచ్చి గాల్లోకి లేస్తాయి. జత కట్టడం గాల్లోనే. ఆ తర్వాత మగవి చచ్చిపోతాయి. ఆడది నేలకు దిగి, తన రెక్కలు తానే కాళ్ళతో విరిచేసుకుని, మట్టిలో చిన్న బొరియ తవ్వుకుని లోపలికి పోయి తలుపేసుకుంటుంది. ఇక అది రాణి. మనం దాన్ని పట్టుకోవలసింది దిగడానికీ తలుపేసుకోవడానికీ మధ్యలో. ఆ సాయంత్రం తప్పిందంటే మళ్ళీ ఏడాది ఆగాలి.

నేను చేరిన కొత్తలో ఉన్న మా మొదటి సారుకు నోరు మంచిది కాదు, కన్ను మాత్రం గొప్పది. అద్దాల మేడలు అప్పుడప్పుడే లేస్తున్న రోజులవి. ఒక మేడ దీపాల కింద రెక్కల ఆడచీమలు కుప్పగా పడి ఉంటే, సంబరంగా ఏరుకొచ్చి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు.

"పెళ్ళికూతుళ్ళను మండపం లోంచి ఎత్తుకొచ్చావు. పెళ్ళయిందో లేదో అడిగావా?"

జత కట్టని ఆడచీమ కూడా ఒక్కోసారి రెక్కలు రాలుస్తుంది. గుడ్లు కూడా పెడుతుంది. కానీ ఆ గుడ్లలోంచి వచ్చేవన్నీ మగవే, మగవి పని చెయ్యవు. మా వారి ముందు ఈ ముక్క చెప్పినప్పుడల్లా ఆయన పేపరు వెనక్కి పోతారు. పెళ్ళి కానిదాన్ని తేకూడదని మా సారు పెట్టిన నియమం ఇది: అది ఆకాశంలోంచి దిగడం నీ కంటితో చూడాలి, రెక్కలు తనంతట తాను రాల్చాలి, మట్టి తవ్వడం మొదలుపెట్టాలి. అంతవరకూ చెయ్యి జేబులో ఉండాలి. చెప్పుకోవడానికి సులువే. కళ్ళ ముందు కావలసింది పరుగెడుతుంటే చెయ్యి జేబులో పెట్టుకుని నిలబడటం ఎంత కష్టమో నిలబడినవాళ్ళకు తెలుస్తుంది.

లావణ్య అడిగిన ప్రశ్న

లావణ్యది పుప్పాలగూడే. వాళ్ళ నాన్న నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. చుట్టూ లేచిన మేడలన్నిటికీ ఎండాకాలం నీళ్ళు పోసేది ఆయనలాంటి వాళ్ళే. ఈ పిల్ల ఎమ్మెస్సీ చేసి మా దగ్గర కాంట్రాక్టు మీద చేరింది. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. చూడగానే నాకు నచ్చింది.

వాళ్ళ ఊరి పక్కన రెండు మేడల మధ్య ఒక గుట్ట మిగిలింది. బోడి రాళ్ళు, ఎండుగడ్డి, వాటి మధ్య గింజలు మోసుకునే చీమల పుట్టలు. పుట్ట నోటి చుట్టూ గుండ్రంగా పొట్టు పోసి ఉంటుంది, అదే గుర్తు. ఈ జాతి చీమలు మన చుట్టుపక్కల చాలాచోట్ల ఉన్నాయి, గడ్డి గింజలు మోసుకెళ్ళి తింటాయి. ఈ గుట్ట మీదివి మాత్రం వయ్యారిభామ గింజలు కూడా మోస్తున్నాయని లావణ్య కనిపెట్టింది. పొలాలన్నీ ఆక్రమించి, తాకితే దద్దుర్లు, పీలిస్తే ఆయాసం తెప్పించే ఆ పిచ్చి మొక్క గింజను మేము చూసిన మరే పుట్టా ముట్టలేదు. వాళ్ళమ్మ చేతుల నిండా ఆ దద్దుర్లే.

"మేడం, వీటికి ఇది పుట్టుకతోనే వస్తదా? లేకపోతే పెద్ద చీమల ఎన్కపడి నేర్చుకుంటయా?" అని అడిగింది ఒక రోజు గుట్ట మీద ఎండలో కూర్చుని.

నా సర్వీసులో నేను విన్న మంచి ప్రశ్నల్లో అదొకటి. నేర్చుకునేదైతే ఆ గుట్టతోనే పోతుంది. పుట్టుకతో వచ్చేదైతే ఒక్క రాణి చాలు, ఆ సంతానాన్ని ఏ పొలం గట్టు మీదైనా పెంచుకోవచ్చు. తేల్చుకునే దారి ఒక్కటే. ఆ గుట్ట నుంచి ఎగిరిన కొత్త రాణిని తెచ్చి, పెద్ద చీమల జాడ తగలకుండా పెంచి, దాని మొదటి పిల్లల ముందు గింజ పెట్టి చూడాలి. పాత పుట్ట తవ్వి తెచ్చిన చీమలు పనికిరావు, వాటికి ముందే తెలుసు కాబట్టి.

ఆ వసంతంలో రెండు సంగతులు మా మెడ మీదికొచ్చాయి. గుట్ట మీద ఇంకో మేడ కట్టబోతున్నారు, రాళ్ళకు రంధ్రాలు వేయడం మొదలైంది. వేసవి మధ్యలో సమీక్ష కమిటీ వస్తుంది, చూపించడానికి ఏమీ లేకపోతే లావణ్య కాంట్రాక్టు అక్కడితో సరి. గుట్టకూ, లావణ్యకూ, ఆ ప్రశ్నకూ మిగిలింది ఒక్క వాన.

ట్యాంకరు వాన

వాన రాలేదు. ఉగాది పోయింది, శ్రీరామనవమి పోయింది. గుట్ట మీద రాయి ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. మా డైరెక్టరు సత్యమూర్తి గారు చెడ్డవారని నేను ఏనాడూ అనలేదు. కాకపోతే ఆయన ఉద్యోగమంతా పంజరాల్లో పెంచే పురుగుల మీద గడిచింది. పంజరంలో తడి పెంచితే పురుగు మాట వింటుంది.

"వాన కోసం కూర్చుంటే కమిటీ ఆగదమ్మా" అన్నారు లావణ్యతో. "మీ నాన్నగారికి ట్యాంకరుంది కదా? గుట్ట తడిపేద్దాం."

"అది వాన కాదు కదండీ" అన్నాను నేను.

"నీళ్ళు నీళ్ళేనండీ. చీమకు మునిసిపాలిటీ నీళ్ళేవో, మబ్బు నీళ్ళేవో ఏం తెలుస్తుంది?"

లావణ్య నా వైపు చూసింది. వద్దని గట్టిగా చెప్పే ఆధారం నా దగ్గర లేదు. ఆ పని అంతకు ముందు ఎవరూ చేసి చూడలేదు. వాళ్ళ నాన్న మధ్యాహ్నం మేడల బేరాలన్నీ వదులుకుని ట్యాంకరు గుట్ట కిందికి తెచ్చి, పైపు పైకి లాగి, అన్నిటికంటే పెద్ద పుట్ట చుట్టూ వాన జల్లులాగా నీళ్ళు కొట్టాడు. బిడ్డ ఉద్యోగం కదా, ఎంత జాగ్రత్తగా తడిపాడో చెప్పలేను.

పుట్ట తెరుచుకుంది. రెక్కల చీమలు బిలబిలమని బయటికొచ్చాయి. సత్యమూర్తి గారు చప్పట్లు కొట్టినంత పని చేశారు. అవి రాళ్ళ మీదికెక్కి గాల్లోకి లేచాయి. ఒకే పుట్టలో పుట్టినవి తమలో తాము జత కట్టవు, పైన వాటి కోసం వేరే పుట్టవాళ్ళెవరూ లేరు. చుట్టూ ఉన్న మిగతా పుట్టలు పొడిగా, నోళ్ళు మూసుకుని ఉన్నాయి. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. వాన గొప్పతనం తడిలో లేదు, ఊరంతటికీ ఒకే గడియలో కబురు పెట్టడంలో ఉంది. పెళ్ళికి రెండు వైపుల వాళ్ళూ రావాలి. మేము ఒక ఇంటికే శుభలేఖ ఇచ్చాం.

గోరింకలు ముందు వచ్చాయి, తర్వాత కాకులు. కిందపడినవి వేడి రాళ్ళ మీద గిరగిరా తిరిగి రెక్కలు రాల్చుకున్నాయి. లావణ్య ఏడుస్తూనే కొన్నిటిని ఏరింది. వాటి గుడ్లలోంచి పని చేసే చీమ ఒక్కటి కూడా రాదని ఆమెకూ తెలుసు. అంత పెద్ద పుట్ట ఏడాదంతా దాచుకున్న సంతానం ఒక్క మధ్యాహ్నంలో పోయింది. ఇక ఆ గుట్ట మీద ఎగరవలసినవి మిగిలింది వెనక వైపు రెండు చిన్న పుట్టల్లోనే.

కొత్తవాళ్ళకు నేను చెప్పేది ఇదే. పై అధికారి చెప్పింది తప్పని మీకు అనుమానం వస్తే, ఆధారం లేకపోయినా ఆ అనుమానాన్ని గట్టిగా చెప్పండి. మహా అయితే విసుక్కుంటారు.

మబ్బు పట్టిన రోజు

అసలు వాన కమిటీ రిహార్సలు రోజున వచ్చింది. సత్యమూర్తి గారు అందరినీ హాల్లో కూర్చోబెట్టి తెర మీద బొమ్మలు తిప్పిస్తున్నారు. కిటికీలోంచి గండిపేట వైపు ఆకాశం నల్లబడటం నాకు కనిపించింది. లావణ్యకూ కనిపించింది. ఆమె మోకాలు బల్ల కింద ఆగకుండా ఊగుతోంది.

"సార్, మేము వెళ్ళాలండీ" అన్నాను.

"ఇంకొక్క పావుగంటండీ. వాన ఇంకా పడలేదుగా."

వాన పడకముందే అక్కడుండాలండీ అని నేను మొదలుపెట్టేలోపు ఆయన తర్వాతి బొమ్మకు వెళ్ళిపోయారు. ఆ పావుగంట ఎంత సాగిందో మీటింగుల్లో కూర్చున్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మేము జీపెక్కేసరికి చినుకులు మొదలయ్యాయి, గచ్చిబౌలి దాటేసరికి కుండపోత.

ఈ నగరంలో నా వృత్తికి ఉన్న శాపం మీకు అర్థమయ్యే ఉంటుంది. చీమల్ని లేపే వానే ఐటీ ఆఫీసుల్ని కూడా లేపుతుంది. రోడ్లు మునిగేలోపు ఇల్లు చేరాలని వేలమంది ఒకేసారి బయటపడతారు. మా ముందు ఎర్ర దీపాలు, వెనక ఎర్ర దీపాలు. జీపు అంగుళం కదలడం లేదు. వాన సన్నబడింది. తర్వాత ఆగింది. పడమట మబ్బు చీలి పసుప్పచ్చటి ఎండ వచ్చి మా అద్దం మీద పడింది. ఏ పని వదిలేసైనా చూడాలనిపించే అందమైన ఎండ అది. నాకు మాత్రం అది పుట్టలు తెరుచుకునే ఎండ.

"మేడం, లేస్తున్నయి కావచ్చు" అంది లావణ్య.

మా డ్రైవరు వెనక్కి తిరిగి, "ఫికర్ చేసుడు బంద్ చేసి దిగుండ్రి మేడం. గీ జీపు ఇయ్యాల పోదు. బైకులు పోతున్నయి సూడుండ్రి" అన్నాడు.

లావణ్య దిగి, ఫోనులో బుక్ చెయ్యకుండానే రోడ్డుకు అడ్డంగా నిలబడి రెండు బైక్ ట్యాక్సీలను ఆపింది. ఆ వయసులో నేను చీర కుచ్చిళ్ళు దోపుకుని ఎవరో కుర్రాడి భుజం పట్టుకుని, ఫుట్‌పాత్ మీది నుంచి, డివైడర్ సందుల్లోంచి, ఒకచోట ఎదురు దారిలో కూడా ప్రయాణం చేశాను. "ఆంటీ, భయమైతుందా?" అని అడిగాడు వాడు. "నోరు మూసుకుని ఇంకొంచెం వేగంగా పోనివ్వు నాయనా" అన్నాను.

ఎర్ర జెండా

దూరం నుంచే కనిపించింది. గుట్ట పైన, ఎండ తగిలినచోట, మగచీమలు సన్నటి పొగలా లేచి తిరుగుతున్నాయి. ఈసారి ఒక్క పుట్టవి కావు. ఇంకెక్కడెక్కడి నుంచో కూడా వచ్చాయి. దిగి పరుగెత్తాం. గేటు దగ్గర సెక్యూరిటీ అతను రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"లోపలికి పోనియ్య. బ్లాస్టింగ్ ఉంది."

"అన్నా, మేము రీసెర్చి వాళ్ళం. ఇంతకు ముందు వచ్చినం గదా!"

"ఎవరైతే ఏందక్కా, మందు పెట్టిన్రు. సైరన్ కొడతరు ఇప్పుడు. దూరం జరుగుండ్రి."

రోడ్డుకు రెండు వైపులా ఎర్ర జెండాలు పట్టుకుని మనుషులు నిలబడ్డారు. వాహనాలన్నీ ఆగిపోయాయి. కాసేపట్లో రాళ్ళు పేలతాయి. పేలే వైపే మిగిలిన రెండు పుట్టలూ ఉన్నాయి. పైన గాల్లో పెళ్ళి జరుగుతోంది, దిగేచోట మందు పెట్టి ఉంది. లావణ్య గేటు కడ్డీలు పట్టుకుని నిలబడింది. నేను ఆమె చెయ్యి పట్టి వెనక్కి లాగాను. రాణి మళ్ళీ దొరక్కపోతే పోయింది, పిల్లకు రాయి తగిలితే వాళ్ళ నాన్నకు నేనేం చెప్పను?

సైరన్ మోగింది. ఆగిన వాహనాలకూ గేటుకూ మధ్య రోడ్డు ఖాళీగా, తడిగా మెరుస్తోంది. అప్పుడు లావణ్య, "మేడం" అంది, చాలా చిన్నగా.

ఒక ఆడచీమ గుట్ట వైపు నుంచి గాల్లో వచ్చి రోడ్డు మీద దిగింది. మా ఇద్దరి కళ్ళ ముందే దిగింది. రెక్కలు ఇంకా ఉన్నాయి. తారు మీద అటూ ఇటూ పరుగెడుతోంది. లావణ్య ట్యూబు మూత తీసింది. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. తవ్వడానికి అక్కడ మట్టే లేదు, నియమం ఎలా నిలబెట్టాలో నాకే తెలియదు. అయినా పట్టుకున్నాను.

గుట్ట పేలింది. కాళ్ళ కింద నేల అదిరింది. ధూళి లేచి ఎండను కప్పేసింది. నేను తల పైకెత్తలేదు, నా కళ్ళు తారు మీదే ఉన్నాయి. చీమ ఒక్క క్షణం కదలకుండా నిలబడి, మళ్ళీ పరుగందుకుంది.

అటు చివర జెండా దిగింది. విజిల్ వినిపించింది. వాహనాలన్నీ ఒకేసారి గేరు వేసుకున్నాయి. ముందున్నది ఆఫీసు ఉద్యోగుల్ని తీసుకెళ్ళే క్యాబు. లావణ్య నా చెయ్యి విడిపించుకుని, రోడ్డు మధ్యకెళ్ళి, క్యాబు ముందు రెండు చేతులూ చాపి నిలబడింది.

"ఏయ్! ఏంది? పక్కకు జరుగు!" అని డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు.

"జర ఆగన్నా! నీకు దండం పెడత. చీమున్నది!"

"చీమనా? చీమ కోసం రోడ్డు ఆపుతవా? దిమాకున్నదా?"

వెనక హారన్లు మొదలయ్యాయి. క్యాబులో కూర్చున్న అమ్మాయిలు ఫోన్లు ఎత్తి తీస్తున్నారు. ఎవరో నవ్వారు, ఎవరో తిట్టారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని చూస్తున్నాను. చీమ ఆగింది. వెనక కాలు పైకి తెచ్చి ఒక వైపు రెక్కల్ని నొక్కింది. అవి ఊడిపడ్డాయి. ఇంకో వైపువి ఊడటం లేదు. క్యాబు అంగుళం ముందుకొచ్చింది, లావణ్య అంగుళం వెనక్కి వేసింది, అంతకు మించి వెయ్యలేదు. మిగిలిన రెక్కలు కూడా రాలాయి. చీమ రోడ్డు అంచుకు పరుగెత్తి, వానకు కొట్టుకొచ్చిన మన్ను కుప్పలో తల దూర్చి ముందు కాళ్ళతో తవ్వడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు" అన్నాను.

లావణ్య ఒక్క గెంతులో వచ్చి ట్యూబు అడ్డం పెట్టింది. రాణి తనంతట తానే అందులోకి నడిచింది. క్యాబు డ్రైవరు మా పక్క నుంచి పోతూ, "దొరికిందా?" అని అరిచాడు. అతని కోపం ఎటుపోయిందో నాకు తెలియదు.

ఇంకొకటి దొరుకుతుందేమో అని వెలుతురు ఉన్నంతసేపూ వెతికాం. ధూళి పేరుకున్న రోడ్డు మీద ఇంకేం కనిపించలేదు. గుట్ట వెనక వైపంతా రాళ్ళ కుప్ప అయింది.

తియ్యకూడని గుడ్డ

అసలు కష్టం తర్వాత మొదలైంది. కొత్త రాణిని నీళ్ళ దూది ఉన్న ట్యూబులో పెట్టి, నల్ల గుడ్డ చుట్టి, కదలని చోట ఉంచాలి. మొదటి పిల్లలు బయటికొచ్చేదాకా అది ఏమీ తినదు. తన రెక్కల కండరాల్నే కరిగించుకుంటూ గుడ్ల మీద కూర్చుంటుంది. వెలుతురు పడినా, కదిపినా బెదిరి, ఇక్కడ క్షేమం లేదనుకుని, పెట్టిన గుడ్లు తానే తినేస్తుంది. ఈ పనిలో రాణుల్ని చంపేది ఎక్కువగా మన ఆత్రమే.

కమిటీ వచ్చే ముందు రోజు సత్యమూర్తి గారు చీమల గదికి వచ్చారు.

"ఏదమ్మా మన రాణి? ఒకసారి గుడ్డ తియ్యి, గుడ్లు కనిపిస్తే ఫోటో తీద్దాం. రేపు చూపించడానికి అదొక్కటే కదా ఉంది."

లావణ్య ట్యూబున్న అరకు అడ్డంగా వచ్చి నిలబడింది. "తియ్య సార్."

"ఏమన్నావ్?"

"తీస్తే గుడ్లు తింటది సార్. మళ్ళ పెట్టేంత బలం దానికుండదు. గుట్ట కూడ లేదు ఇగ."

ఆయన నావైపు తిరిగారు. "మీరు చెప్పండి. నా మీద కూడా పైవాళ్ళున్నారండీ. చూపించకుండా పొడిగించమని ఏ మొహం పెట్టుకుని అడగను? ఈ అమ్మాయి ఉద్యోగం కోసమే కదా చెబుతున్నాను!"

ఆయన గొంతులో నిజాయితీ ఉంది. ఆయన చెబుతున్నదీ నిజమే. గుడ్డ తీస్తే ఉద్యోగం ఉండొచ్చు, రాణి పోవచ్చు. తియ్యకపోతే ఉద్యోగం ఖాయంగా పోతుంది. ట్యాంకరు రోజున మింగిన మాట ఈసారి మింగలేదు.

"తియ్యొద్దండీ" అన్నాను. "తీస్తే మిగిలేది ఫోటో ఒక్కటే."

"మరి రేపు దేని మీద సంతకం పెట్టమంటారు వాళ్ళను?"

"నా మాట మీద సార్" అంది లావణ్య.

మాట మీద ఎవరూ సంతకం పెట్టలేదు. నెలాఖరుకు లావణ్య తన బల్ల ఖాళీ చేసింది. పోతూ పోతూ, "మేడం, దూది తడి చూసుకుంట ఉండుండ్రి. గుడ్డ మాత్రం తియ్యకుండ్రి" అని నాకే జాగ్రత్తలు చెప్పింది. ఆమె గేటు దాటేదాకా చూసి, లోపలికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. రిటైర్మెంటు నాడు కూడా నేను అంత ఏడవలేదు.

గింజ

ఆ తర్వాతి రోజులు ఎలా గడిపానో నాకే తెలియదు. చెయ్యి గుడ్డ దాకా పోయేది, వెనక్కి వచ్చేది. లోపల అది బతికుందో లేదో తెలియదు. ఒక పిల్ల ఉద్యోగం పోగొట్టుకుని కాపాడింది చచ్చిన చీమనేమో అన్న ఆలోచన వస్తే ముద్ద దిగేది కాదు. లెక్క ప్రకారం పిల్లలు రావలసిన వేళ దాటాక, ఇంకా కొన్నాళ్ళు ఆగి, ఒక మధ్యాహ్నం గుడ్డ అంచు కొంచెం ఎత్తాను.

రాణి ఉంది. దాని చుట్టూ లేత గోధుమ రంగు పిల్ల చీమలు నాలుగైదు, ఇంతింత, తిరుగుతున్నాయి.

గింజ నేను పెట్టలేదు. ఆ ప్రశ్న నాది కాదు. లావణ్యకు ఫోన్ చేశాను. అప్పటికి ఆమె ఒక అద్దాల మేడలో కంప్యూటరు ముందు రాత్రి డ్యూటీలు చేస్తోంది. డ్యూటీ దిగి నిద్రపోకుండా నేరుగా వచ్చింది. మెడలో కంపెనీ కార్డు, కళ్ళ కింద నలుపు. బ్యాగులోంచి చిన్న పొట్లం తీసింది. గుట్ట పేలకముందు అక్కడే ఏరుకున్న గింజలు, కొన్ని గడ్డివి, కొన్ని వయ్యారిభామవి. అన్నాళ్ళూ ఆ పొట్లం బ్యాగులోనే పెట్టుకుని తిరిగిందట.

ట్యూబు నోటికి చిన్న పళ్ళెం అమర్చి, ఆ గింజల్ని రెండు వైపులా పోసింది. మేమిద్దరం పళ్ళెం పక్కనే కూర్చున్నాం. చాలాసేపటికి ఒక పిల్ల చీమ బయటికొచ్చింది. ఆ గుట్టను అది ఎన్నడూ చూడలేదు, దానికి ఏదీ నేర్పడానికి పెద్దచీమ లేదు. గడ్డిగింజ దగ్గర ఆగింది. మీసాలతో తడిమి దాటేసింది. లావణ్య వేళ్ళు నా చేతిని నొప్పెట్టేలా నొక్కాయి. చీమ వయ్యారిభామ గింజ దగ్గరికెళ్ళి, చుట్టూ ఒకసారి తిరిగి, నోట కరిచి లాగింది. గింజ కదిలింది.

వెనక తలుపు చప్పుడైంది. సత్యమూర్తి గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. లావణ్య వచ్చిందని ఎవరో చెప్పి ఉంటారు. ఎప్పుడూ ఆ గదిలోకి బూట్ల చప్పుడుతో వచ్చే మనిషి, బూట్లు బయట విడిచి వచ్చారు.

"ఇప్పుడు చూడొచ్చా అమ్మా?" అన్నారు, గొంతు బాగా తగ్గించి.

లావణ్య వెనక్కి తిరగలేదు. చెంపల మీద నీళ్ళు కూడా తుడుచుకోలేదు.

"జర ఆగుండ్రి సార్" అంది. "లోపలికి తీస్కపోనియ్యుండ్రి."

ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. చీమ మధ్యలో రెండుసార్లు గింజను వదిలేసింది, రెండుసార్లూ వెనక్కొచ్చి పట్టుకుంది. అది గింజను రాణి దగ్గరికి చేర్చేదాకా మా ముగ్గురిలో ఎవరూ కదల్లేదు.